డోరు మీద 412 మైక్రాన్లు

షెడ్డు పక్కన వేపచెట్టు నీడ ఉన్నా మేస్త్రి కారును అటు పోనివ్వడు. "నీడలో అన్ని కార్లూ బాగనే కనపడతాయి సార్. ఎండలోనే ఉండనీండి" అంటాడు.

అనంతపురం శివార్లు, కళ్యాణదుర్గం రోడ్డు. ఏప్రిల్ నెల, పన్నెండు దాటింది. రోడ్డవతల బుడ్డల పంట తీసేసిన చేలు ఎర్రగా, బీడుగా పడి ఉన్నాయి. లారీ పోయిన ప్రతిసారీ దుమ్ము లేచి, గాలి లేక అక్కడే నిలబడి, మెల్లగా కార్ల మీదికి దిగుతోంది. మీరు మీ సిల్వర్ కలర్ కారు పక్కన నిలబడి ఉన్నారు. పార్కింగ్‌లో ఎవరో బంపరు గీకేసి పోతే పాలిష్ పెట్టిద్దామని వచ్చారు. అంతకు మించి పనేమీ లేదనుకున్నారు.

మేస్త్రి బంపరు వైపు చూడనే లేదు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, కారు పొడవునా చూపు సాగదీశాడు. "ఇట్లొచ్చి సూడండి సార్." మీరూ వంగుతారు. మొదట ఏమీ తెలియదు. తర్వాత మెల్లగా తెలుస్తుంది. ముందు డోరు మీద ఎండ ఒకే పలకగా జారుతోంది, వెనక ఎడమ డోరు దగ్గరికి రాగానే సన్న సన్న గుంటలుగా విరిగిపోతోంది. రెండు డోర్లూ సిల్వరే. కానీ వెనకది ఒక పాలు ముదురు.

"సిల్వర్‌కు కలర్ కలపడం కష్టం సార్. లోపల మెటల్ రేణువు ఉంటాది కదా, గన్ను పట్టుకున్న చెయ్యిని బట్టి అది పడుకునే తీరు మారిపోతాది. తెల్ల కారైతే నాగ్గూడా ఇంత తొందరగా తెలియదు."

లోపలికి పోయి చిన్న మీటరు తెస్తాడు. పెయింటు మందం కొలిచేది. బానెట్ మీద ఆనించాడు: 118. రూఫ్ మీద: 112. ముందు డోరు: 124. అన్నీ మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు. కంపెనీ నుంచి వచ్చిన పెయింటు సాధారణంగా ఇలా నూరు, నూట యాభై మధ్యలో ఉంటుంది. వెనక ఎడమ డోరు మీద ఆనించాడు: 412. ఆ పక్కన, చక్రం పైన ఉండే రేకు మీద: 690. వేలి కణుపుతో తట్టాడు. ముందు డోరు టంగుమంది, ఈ రేకు మొద్దుగా పలికింది. "లప్పం ఉంది సార్ దీని కింద. రేకు లోపలికి పోయింటే లాగి, లప్పం పూసి, రుద్ది, కలర్ కొట్నారు."

డోరు తెరిచి రబ్బరు బీడింగు ఎత్తి చూపిస్తాడు. దాని అంచున సన్నటి సిల్వర్ పొడి. ఫ్యాక్టరీలో రంగు వేసేటప్పటికి కారుకు రబ్బరే ఉండదు, కాబట్టి రబ్బరు మీద రంగు పడే దారి లేదు. డోరు బిగించిన బోల్టుల తలల మీద స్పానరు తిరిగిన గుర్తులు. ఒకచోట పెయింటు లోపల ఇరుక్కుపోయిన దుమ్ము రేణువు, మన ఊరి దుమ్ము కాదది, ఎక్కడిదో.

"యాడ కొన్యారు సార్?"

బెంగళూరులో. మామూలు దలారీ దగ్గర కాదు, పెద్ద షోరూములో. "సర్టిఫైడ్" అని రాసి ఉన్న ఫోల్డరు డ్యాష్‌బోర్డులోనే ఉంది. తీసి విప్పుతారు. నాలుగు పేజీల తనిఖీ రిపోర్టు, వరసగా పచ్చ టిక్కులు. ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, టైర్లు. మూడో పేజీలో "బాడీ, పెయింటు: ఒరిజినల్", దాని కింద "ప్రమాద చరిత్ర: లేదు". చివర సంతకం, సీలు. మీరు కట్టింది 8,60,000 రూపాయలు. అదే ఏడాది అదే మోడలు బయట ఇంకా తక్కువకు దొరుకుతున్నా ఇక్కడే కొన్నది ఈ నాలుగు పేజీల కోసమే.

మేస్త్రి రిపోర్టు వైపు ఒకసారి చూసి ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే మీకు ఎక్కువ మంట పుట్టిస్తుంది.

రంగే కదా అని తీసేయలేం, ఎందుకో చెప్పాలి. ఫ్యాక్టరీలో రంగు పడేది ఒట్టి ఇనుప బాడీకి. వైర్లు, సీట్లు, ప్లాస్టిక్ ఏవీ ఇంకా ఎక్కలేదు గనుక దాన్ని 140 డిగ్రీల దాకా వేడిచేసి రంగును గట్టిపరచగలరు. ఇక్కడికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి లక్షల కార్లకు జరిగింది ఇదే. కారు పూర్తిగా తయారై రోడ్డెక్కాక అంత వేడి పెట్టలేరు. మంచి బాడీ షాపు బూత్‌లో కూడా 60 డిగ్రీల దగ్గర ఆగాలి. పనివాడు మంచివాడైతే ఆ రంగూ ఏళ్లు నిలుస్తుంది. తొందరపడి చేసిన పనైతే ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా చూడని ఈ పీఠభూమి ఎండకు పైపూత పొలుసులుగా లేస్తుంది. రంగు వేశారంటే దాని కింద ఏదో జరిగిందనీ అర్థం. గీతా, గుద్దుడా అన్నది 690 అనే అంకె సగం చెబుతుంది.

బండి చరిత్ర దాచడం ఈ జిల్లాకు కొత్త సంగతి కాదు. పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-3 వాహనాల అమ్మకాన్ని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. ఆ తర్వాత తుక్కు కింద అమ్మిన బండ్లను నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టరు చేయించి తిప్పారన్న ఆరోపణ అనంతపురం జిల్లాలోనే 2020లో బయటపడి, అరెస్టుల దాకా, 2022లో సుమారు 22 కోట్ల ఆస్తుల ఈడీ జప్తు దాకా వెళ్లింది. అక్కడ దాచారన్నది బండి పుట్టుకనే, మీ కారులో దాచింది ఒక డోరూ ఒక రేకూ. నేరం పరిమాణం వేరు. కానీ కొన్నవాడు నిలబడాల్సిన చోటు ఒకటే: కాగితం ఏం చెప్పింది, వస్తువు ఏం చెబుతోంది.

"వదిలేయండి సార్, నేను నీటుగా మళ్లా కొట్టిస్తా. పదైదు వేలల్లో అయిపోతాది" అంటాడు మేస్త్రి, మీ మొహం చూసి జాలిపడి. ఒప్పుకోవద్దు. లప్పం గీకిన మరుక్షణం మీ సాక్ష్యం పొడిగా నేల మీద పడిపోతుంది. ఆయన్ను వేరే పని అడగండి. మీటరు ఒక్కో రేకు మీద ఆనించి ఉన్నప్పుడు అంకెతో సహా ఫొటో తీయాలి, ఒరిజినల్ రేకుల మీద కూడా. కారు నంబరు కనపడేలా ఒక వీడియో. తర్వాత తన షెడ్డు పేరున్న కాగితం మీద చూసింది చూసినట్టు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఆయన కాసేపు వెనకాడతాడు. కోర్టుకు రావాల్సి వస్తుందేమోనని భయం. "రాసిచ్చేదానికేం, ఉండేదే కదా" అని చివరికి రాసిస్తాడు.

అక్కడే, ఎండలోనే నిలబడి షోరూముకు ఫోన్ చేస్తారు. అవతలి కుర్రాడి గొంతులో మర్యాద తగ్గదు. "సార్, సెకండ్ హ్యాండ్ కారు కదా సార్. చిన్న చిన్న టచప్‌లు మామూలే. పైగా పెయింటు మన వారంటీలోకి రాదు సార్." వారంటీ సంగతి మీరు ఎత్తనే లేదు. ఇకపై ప్రతి మెట్టు మీదా మీకు ఈ మాటే ఎదురొస్తుంది, కాబట్టి ఇప్పుడే విడదీసుకోండి. వారంటీ అంటే అమ్మిన తర్వాత చెడిపోయినదాన్ని బాగుచేస్తామన్న మాట. మీ గొడవ అమ్మడానికి ముందు చెప్పిన మాట గురించి.

ఫోన్ పెట్టేసి అదంతా రాతలో పెడతారు. ఈమెయిలుకు, అదే వాట్సాప్‌కు. రిపోర్టులో మూడో పేజీ ఇలా చెప్పింది. ఈ తేదీన చూపిస్తే ఇలా తేలింది. ఫొటోలు జత చేశాను. ఉన్న స్థితిలో ఈ కారును నేను అంగీకరించడం లేదు. ఏం చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు. 'అంగీకరించడం లేదు' అన్న ఆ ఒక్క మాట మాత్రం ఆలస్యం లేకుండా వెళ్లాలి. 1930 నాటి వస్తువిక్రయ చట్టంలో 42వ సెక్షన్ ఉంది. తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సమంజసమైన గడువు దాటేదాకా వస్తువును ఉంచుకుంటే అంగీకరించినట్టే. అంగీకరించాక కారు వెనక్కిచ్చే హక్కు సన్నగిల్లి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది.

సాయంత్రం లాయరమ్మ గదిలో ఉంటారు. కోర్టు దగ్గర మేడ మీద చిన్న గది, గోడ నిండా కట్టలు. కారు కిందే ఉంది, ఆమె దిగి చూడరు. రిపోర్టు తీసుకుని మొదటి పేజీ నుంచి చదువుతారు. మూడో పేజీ దగ్గర ఆగి మళ్లీ చదువుతారు.

"డెలివరీ రోజు ఇంకేమైనా సంతకం పెట్టారా?"

పెట్టారు. 'వాహనాన్ని పరిశీలించి, సంతృప్తి చెంది, ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను' అన్న అచ్చు కాగితం. ఆ మాట బయటికి చెప్పేటప్పటికి మీ గొంతు పడిపోతుంది. ఆమె ఏమీ కంగారు పడరు.

"గుర్రం కథ చెప్తాను వినండి" అంటారు. కథ అంటే నిజంగా చట్టంలో ఉన్నదే. 1872 కాంట్రాక్టు చట్టం, 17వ సెక్షన్, మోసం అంటే ఏమిటో చెప్పే చోట ఉదాహరణలు. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. జబ్బు సంగతి అతనికి తెలుసు, చెప్పడు. ఇది మోసం కాదు అంటుంది చట్టం. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు పట్టి చూసుకోవాలి, అమ్మేవాడు నోరు విప్పనక్కర్లేదు, అదీ లెక్క. కానీ కొనేవాడు 'నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను' అన్నప్పుడు అమ్మేవాడు మౌనంగా ఉంటే ఆ మౌనం మాటతో సమానం.

"మీ కేసులో అతను మౌనంగా లేడు కదండీ" అని రిపోర్టు మీద వేలు పెడతారామె. "అడక్కముందే చెప్పాడు. నేనే పళ్లు పట్టి చూశాను, బాగున్నాయి అని సీలేసి ఇచ్చాడు. మీరు చూడనవసరం లేకుండా చేయడానికే కదా ఈ సర్టిఫికెట్! దానికి డబ్బు కూడా తీసుకున్నాడు."

ఈ విషయంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆమె వేలు కింద ఉంది. రోడ్డు పక్కన జెండాలు కట్టి కార్లమ్మేవాడు ఏమీ చెప్పకపోతే అతనితో వాదన కష్టం. సర్టిఫికెట్ ఇచ్చినవాడు మౌనం అనే ఆశ్రయాన్ని తన చేతులతోనే వదులుకున్నాడు. కొన్నవాడి కంటికి మైక్రాన్లు కనపడవు, తనిఖీ చేశానన్నవాడి చేతిలో మీటరు ఉంది, ఉండాలి. చూసి దాచాడా, చూడకుండానే టిక్కు పెట్టాడా? రెండూ తప్పే. మొదటిది మోసం, రెండోది తప్పుడు కథనం, అంటే 18వ సెక్షన్.

అవతలి లాయరు ఎటునుంచి వస్తాడో కూడా ఆమె ముందే చూపిస్తారు. 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. మామూలు జాగ్రత్త తీసుకుంటే నిజం తెలిసే అవకాశం కొన్నవాడికి ఉండి ఉంటే, తప్పుడు కథనమో మౌనమో కారణంగా చూపి ఒప్పందం రద్దు చేయమనలేడు. ఆ మినహాయింపులో కావాలని కప్పిపెట్టడం అన్నది లేదు. లప్పం పూసి రంగు కొట్టి, ఆపైన ఒరిజినల్ అని రాయడం కప్పిపెట్టడమే అని ఆమె వాదన. "మీ సంతృప్తి కాగితం, వాళ్ల సర్టిఫికెట్ పక్కపక్కన పెడతాం. ఏది ఎవరు తయారుచేసిందో వినియోగదారుల కమిషన్ చూసుకుంటుంది."

టీ వస్తుంది. కింద రోడ్డు మీద బజ్జీల బండి దగ్గర నూనె వాసన గదిలోకి ఎక్కుతోంది. "ఎంత అడుగుదాం?" అంటారు మీరు, లోపల ఉడుకుతున్న కోపంతో పెద్ద అంకె ఒకటి మనసులో పెట్టుకుని.

ఆమె అమెరికా సంగతి ఎత్తుతారు. అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరం. ఐరా గోర్ అనే డాక్టరు 1990 జనవరిలో నల్ల బీఎండబ్ల్యూ కొన్నాడు, కొత్తది, ధర 40,750 డాలర్ల 88 సెంట్లు. తొమ్మిది నెలల తర్వాత ఇంకాస్త మెరుగు పెట్టిద్దామని పాలిష్ షాపుకు తీసుకెళితే, ఇది మళ్లీ రంగేసిన కారని అక్కడివాడు చెప్పాడు. రవాణాలో ఆమ్ల వర్షానికి పాడైన చోట్ల కంపెనీ తిరిగి రంగేయించింది, ఖర్చు 601 డాలర్ల 37 సెంట్లు. బాగుచేసిన ఖర్చు ధరలో 3 శాతం మించకపోతే డీలరుకు కూడా చెప్పకూడదన్నది కంపెనీ పెట్టుకున్న రూలు. జ్యూరీ వేసిన లెక్క చూడండి: కారు విలువ తగ్గినందుకు 4,000 డాలర్లు, శిక్షగా 40 లక్షల డాలర్లు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షను సగానికి దించింది. 1996 మే 20న అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో అదీ మితిమీరిందని కొట్టేసింది. చివరికి అలబామా కోర్టు 50,000 డాలర్ల దగ్గర నిలబెట్టింది.

"ఆ లక్షల అంకెలు అందరికీ గుర్తుంటాయి. నాకు మాత్రం కావలసింది ఆ 4,000" అంటారు లాయరమ్మ. అది ఎలా తేలిందంటే, ఒక మాజీ డీలరు వచ్చి, మళ్లీ రంగేసిన కారు విలువ పది శాతం దాకా పడిపోతుందని సాక్ష్యం చెప్పాడు. ఆ సాక్ష్యమే మీకూ కావాలి. పాత కార్లు కొని అమ్మే ఇద్దరు ముగ్గురి దగ్గరికి పోయి, ఈ కారు ఒరిజినల్ పెయింటుతో అయితే ఎంత, ఉన్నదున్నట్టు అయితే ఎంత, రెండు ధరలూ రాసిమ్మనాలి. మీకు వచ్చేది చాలావరకు ఆ రెంటి తేడా. దానికి తోడు వేదనకు కొంత, ఖర్చులు కొంత. కారు వెనక్కి, మొత్తం డబ్బు మీకు అన్న తీర్పు అసాధ్యం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 39వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది, శిక్షాత్మక పరిహారం కూడా అందులో ఉంది. కానీ ఇంజను బాగుండి, మీరు రోజూ తిరుగుతూ ఉంటే ఒక డోరు కోసం అంతదూరం పోయేలా చేయడం కష్టం. ఫిర్యాదులో వాపసు మొదటి కోరికగా, ధర తేడా రెండో కోరికగా రాస్తారామె. రెండోదే అసలుదని మీ ఇద్దరికీ తెలుసు.

ఎవరి మీద వేయాలి? మీరు వెంటనే కార్ల కంపెనీ పేరు చెబుతారు, బోర్డు మీద పెద్దక్షరాలతో ఉన్నది అదే కాబట్టి. ఇక్కడ ఆమె గోవా కేసు తీస్తారు: టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్, సుప్రీంకోర్టు, 2021 ఫిబ్రవరి 18. కొన్నాయన 2011 మోడలు కొత్త కారుకని డబ్బు కట్టాడు. చేతికి వచ్చింది 2009లో తయారై 622 కిలోమీటర్లు తిరిగిన కారు, అడుగున తుప్పు, బంపర్ల మీద గీతలు. డీలరు బాధ్యత డీలరుకు మిగిలింది, కంపెనీ మాత్రం బయటపడింది. డీలరు కంపెనీకి ఏజెంటు కాదు, సొంత లెక్కన కొని సొంత లెక్కన అమ్మేవాడు. ఈ మోసం కంపెనీకి తెలుసని ఫిర్యాదులో చెప్పాలి, రుజువు చేయాలి అంది కోర్టు. అందుకే సర్టిఫికెట్ ఎవరి పేరుతో ఉంది, సీలు ఎవరిది, తనిఖీ పథకం ఎవరు నడుపుతున్నారు అన్నది ఆమె భూతద్దం పెట్టినంత శ్రద్ధగా చూస్తారు. కంపెనీయే తన పేరుతో మాట ఇచ్చి ఉంటే, ఆ మాటను విడిగా ఎత్తి రాయాలి. ఊరికే పేరు చేర్చితే నిలవదు.

మీ పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో క్లయింటు ఈ మాటలు విని, "మరి నేను మా ఊరి సారు దగ్గర కొన్న కారు సంగతేంది మేడం?" అని అడుగుతాడు. తన సొంత కారు అమ్ముకున్న మనిషి వ్యాపారి కాదు, కాబట్టి అక్కడ వినియోగదారుల కమిషన్ పనికిరాదు, సివిల్ కోర్టులో దావాయే దారి అని చెబుతారామె. అతను తల దించుకుంటాడు. మీ ఇద్దరి మధ్య ఉన్న తేడా, మీకు అమ్మినవాడు వ్యాపారి కావడమే.

పోలీసు కేసు? భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ ఉంది, పాత 420. నిజాలను దురుద్దేశంతో దాచడం కూడా వంచనే అని అందులోనే రాసి ఉంది. కానీ దురుద్దేశం మొదటి నుంచీ ఉందని రుజువు చేయాలి, స్టేషన్లో ఇది సివిల్ వ్యవహారం అని పంపేసే అవకాశమే ఎక్కువ. డబ్బు రాబట్టడానికి క్రిమినల్ కేసును పావుగా వాడనంటారామె. నాకా మాట నచ్చింది.

మీ ఫోల్డరులో ఇంకో కాగితాన్ని ఆమె పట్టుకుంటారు: పాత యజమాని ఇన్సూరెన్స్ పాలసీ. నో క్లెయిమ్ బోనస్ ఎదురుగా సున్నా. క్లెయిమ్ లేకుండా సాగిన పాలసీకి ఆ బోనస్ ఏడాదికేడాది 20, 25, 35, 45, అలా 50 శాతం దాకా ఎక్కుతుంది. నాలుగేళ్ల కారుకు సున్నా ఉందంటే అంతకు ముందు ఏడాది క్లెయిమ్ జరిగి ఉండవచ్చు, పాలసీ మధ్యలో తెగి ఉండవచ్చు. రుజువు కాదిది, తీగ. లాగితే ఏ వర్క్‌షాపులో ఎంత బిల్లయిందో, ఏ డోరు మార్చారో తెలిసే జాబ్ కార్డు రావచ్చు. అడిగితే ఇవ్వకపోయినా, ఆ పత్రాలు తెప్పించమని కమిషన్‌ను కోరవచ్చు, దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఈ సున్నా డెలివరీ రోజు కూడా మీ చేతిలోనే ఉంది. పాత కారు కొనబోయే వాళ్లెవరైనా ముందు చూడాల్సిన గడి అది.

లీగల్ నోటీసు స్పీడ్ పోస్టులో వెళుతుంది. అక్నాలెడ్జ్‌మెంట్ తిరిగొస్తుంది, జవాబు రాదు. మధ్యలో ఒకసారి 1915కి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తారు. వాళ్లు షోరూముతో మాట్లాడతారు, ఆదేశించలేరు. షోరూము నుంచి ఒక ఫ్రీ సర్వీసు కూపను వస్తుంది. వాడరు.

ఫిర్యాదు వేసే రోజు మీకు పెద్ద ఊరట ఒకటి దొరుకుతుంది. కారు కొన్నది బెంగళూరులో, పనులు మానుకుని ప్రతి వాయిదాకూ అక్కడికి పరుగెత్తాలేమో అని ఇన్నాళ్లూ భయపడ్డారు. అక్కర్లేదు. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం, 34వ సెక్షన్, ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోటే వేయొచ్చంది. పాత చట్టంలో ఈ వీలు లేదు. అవతలివాళ్లే అనంతపురం రావాలి. పొలం పనో, చిన్న ఉద్యోగమో చేసుకుంటూ పక్క రాష్ట్రంలో వస్తువు కొనుక్కునే ఈ సరిహద్దు జిల్లా మనుషులకు చట్టం చేసిన మేలు ఇది. చాలామందికి తెలియదు. తెలియాలి.

కట్టిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్ సరిపోతుంది. 5 లక్షల దాకా ఫీజే లేదు, 5 నుంచి 10 లక్షల మధ్య 200 రూపాయలు. మీరు కట్టేది ఆ 200. ఇంట్లో కూర్చుని ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోనూవచ్చు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేస్తే చాలు.

కమిషన్ హాలు చిన్నది. బల్లల మీద కూర్చున్నవాళ్లలో ఒకరు పాలసీ సొమ్ము రాని రైతు భార్య, ఒకరు ఫ్లాటు చేతికందని రిటైర్డు మాస్టరు. ఫ్యాన్ల చప్పుడులో పేర్లు పిలుస్తున్నారు. మీ వంతు వచ్చేసరికి షోరూము తరఫు లాయరు లేచి, జవాబుకు గడువు కావాలంటాడు. నోటీసు అందిన రోజు నుంచి 30 రోజులు, కమిషన్ దయతలిస్తే ఇంకో 15. ఆ 45 దాటితే జవాబు తీసుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 4న తేల్చేసింది. మీ లాయరమ్మ ఆ తేదీలు ముందే రాసుకుని ఉన్నారు.

జవాబు చివరి రోజుల్లో వస్తుంది. పాత యజమాని చేయించిన పని మాకు తెలియదు. పెయింటు వారంటీలో లేదు. కొనుగోలుదారు సంతృప్తి చెంది సంతకం చేశారు. మేస్త్రి నిపుణుడు కాడు. నాలుగో మాటలో మాత్రం బలం ఉంది. అందుకే లాయరమ్మ 38వ సెక్షన్ కింద అర్జీ పెడతారు: మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరునో, ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ ప్రొఫెసరునో నియమించి కారును పరీక్ష చేయించండి, ఇరుపక్షాల ఎదుటే మీటరు పెట్టించండి. పరీక్ష అవసరమైన కేసు అయిదు నెలల్లో ముగియాలని చట్టంలో ఉంది. వాయిదాలు అంతకంటే లాగుతాయని మానసికంగా సిద్ధపడి ఉండండి. కింద గెలిచినా 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు పోయే హక్కు వాళ్లకుంది, ముందు సగం సొమ్ము కట్టి పోవాలి.

పరీక్ష అర్జీ వినకముందే షోరూము మేనేజరు స్వయంగా వస్తాడు. కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపింది. పక్క గదిలో బల్లకు ఇటు మీరు, అటు అతను. తెల్ల చొక్కా, అలసిన మొహం. బెంగళూరు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చాడు.

"ముప్పై వేలు ఇస్తాం సార్. ఇవాళే ట్రాన్స్‌ఫర్ చేస్తాం. ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెట్టేయండి."

మీ దగ్గరున్న రెండు ధరల కాగితాలు చూపించే తేడా డెబ్బై వేలకు దగ్గర్లో ఉంది. మీరు లాయరమ్మ వైపు చూస్తారు. ఆమె అంకె గురించి మాట్లాడరు. తనిఖీ రిపోర్టు తీసి, మూడో పేజీ అతని వైపు తిప్పుతారు.

"డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. రేపు ఈయన ఈ కారు అమ్ముకోవాలంటే కొనేవాళ్లకు ఈ పేజీయే చూపించాలి. ముందు దీన్ని సరిచేయండి. ఏ డోరు, ఏ రేకు, ఎన్ని మైక్రాన్లు అన్నది రాసి, ఇదే సీలు, ఇదే సంతకంతో ఇవ్వండి."

"అట్లా రాసివ్వడం కంపెనీ పాలసీలో లేదు మేడం."

"అయితే పరీక్ష అర్జీ మీద వాదనలకు తేదీ తీసుకుందాం" అంటూ ఆమె కాగితాలు సర్దుకుంటారు. అతను ఫోన్ తీసుకుని, ఒక్క నిమిషం అని చేయి చూపి, పైవాళ్లతో మాట్లాడటానికి వరండాలోకి వెళతాడు.